రాతిబంగళా ముచ్చట

పొద్దున నువ్వడిగిన మాటకు నేనప్పుడు జవాబు చెప్పలేదు నాయనా. ఆ పాత బంగళాను కొన్న ఆయప్ప దాన్ని పడగొట్టి హోటలు కడతాడంట గదా. "పాతబడిన వేసవి ఇల్లు, దానికేం విలువుండాది తాతా, విలువంతా స్థలానికే" అంటివి. ఇంజనీరింగ్ చదివేటోడివి, లెక్క వేసే అడిగితివి. ఇట్ల మంట దగ్గరికి జరుగు. పాపా, నువ్వా దుప్పటి కప్పుకోని కూర్చో. ఊటీలో మే నెల రాత్రి కూడా ఇట్లనే ఉంటాది, మీ అనంతపురం అనుకోవద్దు.

నేను చదివింది తక్కువ. గోడలు కట్టినవాణ్ణి, అంతకంటే ఎక్కువగా పాత గోడలు బాగుచేసినవాణ్ణి. ఈ కొండ మీద నా చెయ్యి పడని పాత బంగళా తక్కువే. కాబట్టి గోడ కాడి నుంచే చెప్తా.

ఈ కొండ మీద దొరలు కట్టిన ఇండ్లన్నిటికీ మొదలు రెండుండాయి. ఒకటి కోటగిరి కాడ కన్నేరిముక్కులో, ఇంకోటి ఈడ ఊటీలో. రెండూ ఒకాయనే కట్టించినాడు. జాన్ సలివన్ అని కోయంబత్తూరు కలెక్టరు. మీసం సరిగ్గా రాని వయసులో 1804లో మద్రాసుకు కుంపిణీ కొలువుకు వచ్చిన పిల్లోడు. కలెక్టరు అయినాక, కింద నుంచి చూస్తే నీలంగా మబ్బుల్లో ఉండే ఈ కొండ మీద ఏముండాదో చూడాలని పట్టుబట్టినాడు. అంతకు ముందు పైకి వచ్చినవాళ్ళు లేరని కాదు. 1603లోనే ఒక క్రైస్తవ పాద్రి వచ్చిపోయినాడు, 1812లో సర్వే వాళ్ళు వచ్చినారు, 1818లో సలివన్ కింద పనిచేసే ఇద్దరు వచ్చి చూసి పోయినారు. వాళ్ళెవరూ నిలబడలేదు. పైన గడ్డి మీద మంచు పేరుకుంటాదని చెప్తే మద్రాసులో నమ్మినవాళ్ళు తక్కువ. ఎండకు మాడిపోయే దేశంలో మంచేంది అనుకున్నారు.

సలివన్ 1819 జనవరిలో కదిలినాడు. దారి లేదు. అడవి, ఏనుగులు, కింది అంచున మన్నెం జ్వరం. ఆయన వెంట సిపాయిలు, కూలీలు. పుస్తకాల్లో ఆయన పేరుండాది గానీ, ముందు నడిచి కత్తితో తుప్పలు నరికినవాళ్ళ పేర్లు లేవు. కోటగిరి పక్కన దింహట్టి కాడ నేల చూసి ఆగినాడు. ఆ ఏటి నుంచే కన్నేరిముక్కు ఇంటి లెక్క మొదలైతాది.

తర్వాత మూడేండ్లకు, 1822లో, ఇంకా పైకి వచ్చి ఊటీలో ఇల్లు మొదలుపెట్టినాడు. రాతితో కట్టినాడు కాబట్టి రాతిబంగళా అనే పేరే నిలిచింది. ఈ పక్క వాళ్ళు కల్ బంగళా అనేవాళ్ళు. మరుసటి ఏడు భార్య హెన్రియెటాను తోడుకోని కాపురానికి వచ్చినాడు.

ఇప్పుడు నువ్వు ఇంజనీరు మాదిరి విను. ఈ కొండ రాయి నల్లరాయి, గట్టి రాయి. ఉలి ఊరికే దిగదు. మనవాళ్ళు బండ మీద కట్టెలు పేర్చి మంట పెడతారు. బండ వేడెక్కి పొరగా లేస్తాది, చెవి పెట్టి వింటే లోపల పలుకు మారుతాది. అప్పుడు గడ్డపార పెట్టి లేపాల. ఆ చప్పుడు తెలిసినవాడే మేస్త్రీ. రాయి ఈడ కావలసినంత దొరుకుతాది. సున్నమే దొరకదు. సున్నపురాయి కింద కోయంబత్తూరు పక్కన ఉండాది. రోడ్డు లేని కాలంలో కింది సున్నం పైకి రావాలంటే ఎద్దు మీద రావాల, లేకుంటే మనిషి నెత్తి మీద రావాల. దారిలో వాన తగిలితే మూటలోనే సున్నం ఉడికిపోతాది, మోసేవాని వీపు కాలుతాది. పాత గోడ మీద చెయ్యి పెట్టినప్పుడల్లా నాకు రాయి గుర్తుకు రాదు, ఆ మూట గుర్తుకొస్తాది.

సున్నాన్ని వారాల తరబడి నీళ్ళల్లో నానబెట్టి, గానుగలో ఇసుకతో కలిపి రుబ్బాల. కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, బెల్లం నీళ్ళు పోయాల. మా నాయన వేలితో తీసి నాలుక మీద పెట్టుకోని చూసేవాడు. అట్ల కట్టిన గోడకు ఒక గుణముండాది. అది తేమ పీలుస్తాది, ఎండ రాగానే వదిలేస్తాది. ఈ కొండ మీద జూన్ నుంచి మబ్బు ఇంట్లోకే వస్తాది గదా. సున్నపు గోడ ఆ మబ్బును తీసుకోని, మళ్ళీ బయటికి పంపిస్తాది. దాని మీద సిమెంటు పూస్తే లోపలి తేమకు బయటికి దారి ఉండదు. లోపల్లోపలే మన్ను కరుగుతాది, పైకి గోడ బాగానే కనపడతాది. ఒక యజమాని పాత బంగళాకు సిమెంటు పూయమన్నాడు. వద్దని చెప్తే వేరే మేస్త్రీని పిలిపించుకున్నాడు. కొన్నేండ్లకు ఆ గోడ పొట్ట ఉబ్బినట్టు బయటికి వచ్చింది, కిటికీ చట్రాలు వంకర తిరిగినాయి. అప్పుడు "పాత కట్టడం, దీని ఆయుష్షు అంతే" అని పడగొట్టినారు. దాని ఆయుష్షు అంత కాదు నాయనా. దానికి ఊపిరి ఆడకుండా చేసినారు, అంతే. ఇట్ల పోయిన ఇండ్లు ఈ కొండ మీద ఎన్నో ఉండాయి, తలుచుకుంటే నాకు కడుపు రగులుతాది.

సరే, సలివన్ కథకు వస్తా. ఆయన ఇల్లు ఒక్కటే కట్టి ఊరుకోలేదు. 1823 నుంచి 1825 దాకా వాగుకు అడ్డుకట్ట వేయించి చెరువు చేసినాడు. ఇప్పుడు మీరు పడవలెక్కేది అదే. ఉర్లగడ్డ, క్యారెట్టు, క్యాబేజీ లాంటి సీమ కూరగాయలన్నీ ఈడ పండించి చూసినాడు. ఇప్పుడు ఊటీ క్యారెట్టు అని బెంగుళూరు దాకా లారీలు పోతాయి, దాని మొదలు ఆ ఇంటి చుట్టూ తవ్విన తోటలోనే ఉండాది. ఒక ఎండాకాలం ఇల్లు ఒక జిల్లా పంటనే మార్చేసింది.

ఆ ఇంటికి మన రాయలసీమ మనిషి ఒకాయన వచ్చినాడు, చెప్పనా? మన్రో దొర. పుట్టింది స్కాట్లండులో అయినా మన సీమవాళ్ళు ఆయన్ను మనవాడే అనుకున్నారు. బళ్ళారి, కడప పక్క కలెక్టరుగా రైతువారీ లెక్కలు నడిపినవాడు గదా. మన్రోలప్ప, మన్రోలమ్మ అని పిల్లలకు పేర్లు పెట్టుకున్నారు మనోళ్ళు. ఆయన మద్రాసు గవర్నరుగా 1826లో ఈడికి వచ్చి సలివన్ ఇంట్లో దిగినాడు. అప్పటికి ఆయన భార్య ఇంగ్లండుకు పోయి ఉండాది, ఆమెకు ఈ చలి గురించి జాబు రాసినాడు. ఎండల్లో గుర్రం మీద మన ఊర్లన్నీ తిరిగిన మనిషికి ఈ కొండ గాలి ఎట్లుండిందో ఏమో. మరుసటి ఏడు 1827 జులైలో పత్తికొండ కాడ కలరా తగిలి చనిపోయినాడు. ముందు గుత్తిలోనే పూడ్చినారు.

ఇంకో తెలుగు నేల సంగతి ఉండాది, అది నాకు అంత మంచిగా అనిపించదు. ఊటీ క్లబ్బు కట్టడం చూసినారు గదా, తెల్ల స్తంభాల ఇల్లు. అది 1830 దాటినాక సర్ విలియం రంబోల్డ్ అనే ఆయన కట్టించింది. ఈయన హైదరాబాదులో విలియం పామర్ కంపెనీలో భాగస్వామి. నిజాము సర్కారుకు పెద్ద వడ్డీలకు అప్పులిచ్చిన కంపెనీ అది. ఆ వడ్డీ చివరికి ఎవరి మీద పడుంటాదో నేను చెప్పాల్నా? మెదకు, బీదరు పక్క రైతు పొలం మీద పడుంటాది. ఆ స్తంభాల కాడ నిలబడినప్పుడల్లా నాకు అదే తోస్తాది. అట్లని ఆ స్తంభాలు పడగొట్టమని అనను. అవి నిలబడితేనే గదా ఈ సంగతి నేను మీకు చూపించి చెప్పేది. గవర్నరు లషింగ్టన్ కాలంలో కట్టిన సెయింట్ స్టీఫెన్స్ చర్చికి దూలాలు శ్రీరంగపట్నం టిప్పు సుల్తాను మహలు నుంచి వచ్చినాయి. ఓడిపోయిన రాజు ఇంటి కలప గెలిచినవాళ్ళ గుడికి ఎక్కింది. ఆ దూలాలు తీసేసి ఇనుప గర్డర్లు పెట్టినామనుకో, చర్చి నిలబడతాది గానీ ఆ సంగతి చెప్పే సాక్షి పోతాడు.

ఆ చర్చి ఆవరణలోనే సలివన్ భార్య, కూతురు సమాధులు ఉండాయి. చల్లదనం కోసం తెచ్చుకున్న ఇంటివాళ్ళను ఇదే కొండకు ఇచ్చిపోయినాడు. 1841లో దేశం వదిలినాడు, మళ్ళీ రాలేదు. 1855లో ఇంగ్లండులో చనిపోయినాడు. ఒక మాట మాత్రం ఆయనకు దక్కాల. ఈ నేల, బర్రెలు మేపుకోని బతికే ఈ కొండ జనం తోడలది, వాళ్ళకు దాని మీద పూర్తి హక్కుండాది అని సర్కారుతో వాదించినాడు. లషింగ్టన్ దొరతనంలో ఆ వాదన నెగ్గలేదు. ఇంగ్లండుకు పోయినాక కూడా, ఈ దేశపు సొమ్ము మనం లండనుకు పీల్చుకుంటా ఉండామని అక్కడివాళ్ళకే చెప్పినాడు. ఇదే మనిషి రాతిబంగళాకు తోడల కాడ ఎకరా ఒక రూపాయికి తీసుకున్నాడు. రెండూ నిజమే. ఒకటి చెప్పి ఇంకోటి దాచేది నాకు చేతకాదు.

ఆ ఎకరా రూపాయి సంగతే అసలు సంగతి. పాపా, నిద్రపోవద్దు, ఇది నువ్వు వినాల.

మనం రాతిబంగళాను ఈ కొండ మీద మొదటి వేసవి ఇల్లు అంటాము గదా. నా లెక్కలో అది కాదు. తోడలు ఎన్నో తరాల నుంచి కాలాన్ని బట్టి ఇల్లు మారతా వచ్చినారు. వాళ్ళకు బర్రెలే ప్రాణం. పొడి నెలల్లో ఈ పక్క గడ్డి ఎండిపోతే, బర్రెలు తోలుకోని పడమటి కుందా కొండల పక్క పచ్చిక ఉండే తావుకు పోయేవాళ్ళు. ఆడ కూడా వాళ్ళకు ఇండ్లు ఉండేవి, వానలు పడితే మళ్ళీ ఇటు వచ్చేవాళ్ళు. అది వేసవి ఇల్లు కాక ఇంకేంది? దొర చల్లదనం కోసం మారినాడు, తోడ మేత కోసం మారినాడు. తోడ ముందు మారినాడు.

వాళ్ళ ఇల్లు బొటానికల్ గార్డెన్ పైన తోడ మంద్‌లో, అంటే వాళ్ళ పల్లెలో, ఉండాది, రేపు చూపిస్తా. పీపాను నిలువునా కోసి బోర్లించినట్టు ఉంటాది కప్పు. పేము, వెదురు వంచి కట్టి, మీద గడ్డి పేరుస్తారు. వాకిలి ఎంతుంటాదంటే, నువ్వు మోకాళ్ళ మీద దూరాల. చలిగాలి, అడవి జంతువు రెండూ లోపలికి రాకుండా ఉండాలని. ఈ కొండ చలికి ఎట్ల కట్టాలో వాళ్ళకు తెలిసినంత మా మేస్త్రీలకు తెలియదు. మేము పొయ్యి గూడు పెట్టి, పొగ గొట్టం పెట్టి, బండెడు కట్టెలు తగలబెట్టి వెచ్చబడినాము. వాళ్ళు ఇల్లే చిన్నది చేసి వెచ్చబడినారు.

ఆ కప్పుకు కావలసిన గడ్డి బురద నేలల్లో పెరుగుతాది. మనం ఇప్పుడు మంటలో వేస్తా ఉండామే, ఈ యూకలిప్టస్, ఇది 1840ల్లో ఆస్ట్రేలియా నుంచి తెచ్చి నాటించిన చెట్టు. పైన ఊరు పెరిగేకొద్దీ వంటకు, చలికి అడవి నరికినారు. నరికిన అడవికి బదులు త్వరగా పెరిగే ఈ చెట్టు పెట్టినారు. ఇది నీళ్ళు బాగా తాగుతాది. తేయాకు తోటలు వచ్చినాయి, బురద నేలలు ఎండగట్టి ఉర్లగడ్డ వేసినారు. ఇప్పుడు తోడలు ఒక ఇల్లు కప్పాలంటే గడ్డి కోసం దూరాలు తిరుగుతారు. ఒక ఇల్లు నిలబడాలంటే గోడ, కప్పు చాలదు నాయనా, దానికి మేత పెట్టే నేల కూడా నిలబడాల.

మనవాళ్ళు ఈ కొండకు ఎట్ల వచ్చినారో కూడా చెప్పేస్తా. 1876లో ధాత కరువు పట్టింది. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు దెబ్బతిన్నాయి. అనంతపురం అప్పుడు బళ్ళారిలోనే ఉండేది. ఆ కాలానికి మద్రాసు సర్కారు ఎండాకాలం మొత్తం ఊటీకి తరలి వచ్చేది. గంజాం నుంచి తిరునెల్వేలి దాకా ఉండే రాజ్యం కాగితాలన్నీ ఈ కొండెక్కేవి. రాతిబంగళా గుట్ట మీదనే కచేరీలు నడిచినాయి. కింద జనం ఎండకు, ఆకలికి ఉండగా ఏలేవాళ్ళు కొండెక్కి కూర్చున్నారని మద్రాసులో పత్రికలు తిట్టినాయి, తిట్టదగ్గ సంగతే అది. మా ముత్తాత ఆ కరువులో ఊరు వదిలినాడు. మనది రాయి కొట్టే కులం, యాడ రోడ్డు పడితే ఆడ పొయ్యి పెట్టినారు. మా తాత కూనూరు నుంచి ఊటీకి రైలు దారి వేసేటప్పుడు రాళ్ళు కొట్టినాడు. 1899కి కూనూరు దాకా బండి వచ్చింది, 1908కి ఊటీ దాకా. 2005లో దాన్ని ప్రపంచ వారసత్వం అని యునెస్కో వాళ్ళు చేర్చుకున్నప్పుడు ఫలకం పెట్టినారు. ఫలకం మీద మా తాత పేరు ఎట్లా ఉండదు. కానీ ఆయన పరిచిన రాయి ఉండాది, బండి దాని మీదనే పోతాది. మా నాయన ఆ రాయి చూపించి, ఇది మీ తాత చెయ్యి అన్నాడు. ఆ రాయి లేకుంటే నాకు తాత అంటే ఒట్టి పేరు.

అందుకే చెప్తా ఉండా, పాత ఇంటి విలువ స్థలం ధర కాదు. అందంలో కూడా లేదు. రాతిబంగళా కంటే అందమైన ఇండ్లు ఈ ఊర్లో చాలా ఉండాయి. దొర గొప్పతనంలో అసలే లేదు. అది ఒక దస్తావేజు. ఎవరి నేల, ఎంతకు పోయింది, ఎవరు మోసినారు, ఏ మన్ను ఏ సున్నం, దాని వల్ల చుట్టూ అడవి ఏమైంది, ఇవన్నీ ఆ గోడలో రాసి ఉండాయి. చదివేవాడు కావాల. మన ఊర్లో పొలం దస్తావేజు చిరిగిందని ఎవరైనా పొయ్యిలో పెడతారా?

బాగుచేయడం అయ్యే పనే. కన్నేరిముక్కు ఇల్లు శిథిలమై ఉండింది. ఈ శతాబ్దం మొదట్లో దాన్ని నిలబెట్టి, నీలగిరి చరిత్ర కాగితాలు, బొమ్మలు పెట్టే తావు చేసినారు. ఇప్పుడు బడి పిల్లలు పోయి చూస్తారు. రాతిబంగళా గుట్ట మీద 1955లో ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ వచ్చింది. ఆ ఇల్లు ప్రిన్సిపాల్ ఆఫీసుగా వాడుకలో ఉండాది, ముందర సలివన్ ఓక్ అని చెట్టు కూడా ఉండాది. ఇంట్లో మనుషులు తిరగతా ఉండాల, కిటికీ తెరవాల, పొద్దున ఎండ లోపలికి రావాల. తాళం వేసి కాపాడితే రెండు వానలకే చెద పడతాది.

నువ్వు మే అంతా ఈడనే ఉంటావు గదా. రేపు ఆ బంగళా కొన్న ఆయప్ప కాడికి పోదాం. నేను తమిళంలో మాట్లాడతా, నువ్వు కొలతల టేపు, కాగితం పట్టుకో. పడగొట్టేది ఆపమని ముందే అడగను, అడిగితే తలుపు మూస్తాడు. ముందు ఏ గోడ సున్నం, ఏ గోడ మన్ను, యాడ సిమెంటు పూసినారో చూపిస్తా. సిమెంటు గీకేసి సున్నం పూయడానికి ఎంతయితాదో, కొత్తగా కట్టడానికి ఎంతయితాదో నువ్వు లెక్క వేసి ఆయప్ప చేతిలో పెట్టు. పాత ఇంట్లో దిగడానికి జనం ఎక్కువిస్తారని కూడా చెప్పు, అది ఆయప్పకు తెలిసే భాషే. పని ఒప్పుకుంటే గానుగ నేను చూసుకుంటా. కరక్కాయ అంగడి యాడుండాదో నాకు తెలుసు. పాపా, నువ్వు బొటానికల్ గార్డెన్ పైన ఉండే తోడ పెద్దాయన్ను, ఆ బంగళా నేల ముందు ఎవరిదో, ఏ మంద్ వాళ్ళు బర్రెలు మేపినారో అడిగి రాసుకోని రా. ఆయప్ప గోడ మీద ఒక పలక పెట్టిస్తే, మొదటి వరుసలో ఆ పేరు ఉండాల.